చట్రం బాధ్యత చిత్రకారులదే

మన దగ్గర చిత్రకళా ప్రదర్శన పెట్టబోయే వారికి చివరి వారం ఎలా గడుస్తుందో ఆ రంగంతో కాస్త పరిచయం ఉన్నవాళ్లందరికీ తెలుసు. హాలు అద్దె కట్టాలి, ఆహ్వానపత్రికలు పంచాలి, ముఖ్య అతిథి వస్తారో రారో తేల్చుకోవాలి, కేటలాగులో అచ్చుతప్పులు దిద్దాలి. ఈ హడావిడి నడుమ బొమ్మలన్నీ ఆటోలో వేసుకుని ఫొటో ఫ్రేముల దుకాణానికి చేరవేస్తారు. శుక్రవారానికల్లా కావాలి, ఏదైనా మంచి బీడింగు చూసి కట్టెయ్యండని చెప్పి వచ్చేస్తారు. ఒక నీలం సరిగ్గా కుదరడానికి నెలలు తపించిన మనిషి, ఆ నీలానికి ఆనుకుని ఉండబోయే రంగును మాత్రం ఆ వారం దుకాణంలో ఏ సరుకుంటే దానికి వదిలేస్తున్నారు. పటం కట్టించడం బొమ్మ అయిపోయాక చేసే పని అన్న భావన మనలో అంతగా పాతుకుపోయింది. నిజానికి చిత్రకారులు తీసుకోవలసిన చివరి నిర్ణయం అదే. ప్రదర్శనకు వెళ్లే ప్రతి బొమ్మకూ చట్రం ఏదో, మౌంట్ ఏదో, అద్దం వెనక ఏముండాలో గీసినవారే తేల్చాలి. చేతనైనవాళ్లు స్వయంగా కట్టుకోవాలి, కానివాళ్లు దగ్గరుండి కట్టించుకోవాలి. అందుకు తగిన వ్యవధి, డబ్బు, చదువు సమకూర్చే పూచీ ప్రదర్శనలు నిర్వహించేవారి మీద ఉంది.

ఇదేమీ కొత్త వాదన కాదు. 1639లో ఫ్రెంచి చిత్రకారుడు నికొలా పూసాన్ రోములో ఉండి ఒక పెద్ద బొమ్మ పూర్తిచేసి పారిస్‌లోని తన ఆదరువు షాంతెలూకు పంపాడు. ఎడారిలో ఇజ్రాయెలీయులు మన్నా ఏరుకుంటున్న దృశ్యం అది, ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. బొమ్మతోపాటు రాసిన ఉత్తరంలో దానికి చట్రం కట్టించమని ప్రత్యేకంగా కోరాడు. మెరుపు లేని బంగారు పూత ఉన్న సాదా చట్రం చాలన్నాడు. చుట్టుపక్కల వస్తువుల మీదికి చూపు చెదిరిపోకుండా బొమ్మలోనే నిలవాలన్నది ఆయన చెప్పిన కారణం. గమనించాల్సింది ఆ కారణాన్నే. అలంకారం గురించో, కొన్నవారి హోదా గురించో ఆయన మాట్లాడలేదు. కన్ను ఎలా పనిచేస్తుందన్న దాని గురించి మాట్లాడాడు. డజన్ల కొద్దీ మనుషులు, భంగిమలు ఉన్న బొమ్మను చూసేవారు ఒక్కొక్కటిగా చదువుకోవాలంటే, చూపు బయటికి జారిపోకుండా ఏదో ఒకటి ఆపాలి. ఆ ఆపే పని దుకాణదారుకు తెలియదు, కొన్నవారికి తెలియదు. గీసినవారికి తెలుసు.

పందొమ్మిదో శతాబ్దానికి ఐరోపాలో ఈ విషయం తగాదాగా మారింది. లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలకు వచ్చే బొమ్మలన్నీ బంగారు పూత చట్రాల్లోనే ఉండాలన్న నియమం ఉండేది. గోడ నిండా ఒకదాని మీద ఒకటి వేలాడే బొమ్మలకు ఒకే రకం అంచు ఉంటే హాలు నిండుగా కనిపిస్తుందని నిర్వాహకుల లెక్క. కానీ బంగారానికి తనదైన రంగు ఉంది. అది వెచ్చని పసుపు. పారిస్‌లో గోబ్లాఁ నేతశాల అద్దకాల విభాగాన్ని చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లో అచ్చువేసిన గ్రంథం, పక్కపక్కన పెట్టిన రెండు రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయని విడమరిచి చెప్పింది. పసుపు పక్కన ఊదా మరింత ఊదాగా తోస్తుంది, ఎరుపు పక్కన ఆకుపచ్చ రెచ్చిపోతుంది. ఆ సంగతి ఒంటబట్టించుకున్న చిత్రకారులకు బంగారు చట్రం ఇక తటస్థంగా కనిపించలేదు. తాము వేయని ఒక రంగు తమ బొమ్మను నాలుగు వైపులా మారుస్తోందని అర్థమైంది. అందుకే 1877 నాటి ఇంప్రెషనిస్టుల ప్రదర్శనలో పిసారో, దెగా తెల్ల చట్రాలు పెట్టారు. ఆ తర్వాత పిసారో బొమ్మలోని ప్రధాన వర్ణానికి ఎదురు వర్ణాన్ని చట్రానికి పూయడం దాకా వెళ్లాడు. దెగా తన నోటు పుస్తకాల్లో చట్రాల అంచులు ఏ వంపులో ఉండాలో బొమ్మలు గీసుకున్నాడు. ఆడపిల్లల నాట్యం, గుర్రప్పందేల బొమ్మలకు పేరుపడ్డ మనిషి, చెక్క అంచు ఎన్ని గాళ్లు పడాలో కూర్చుని గీసుకున్నాడంటే దాన్ని పక్కపని అనుకోవడం కుదరదు.

స్యూరా మరో అడుగు ముందుకు వేశాడు. 1884 నుంచి 1886 వరకు గీసిన 'లా గ్రాంద్ జాత్' ప్రదర్శనలో అందరూ చూసేశారు, పేరూ వచ్చింది. అయినా ఆయన రెండేళ్ల తర్వాత ఆ కాన్వాసును మళ్లీ బిగించి, చుట్టూ చోటు చేసుకుని, చుక్కలతో రంగుల అంచు వేశాడు. ఆ అంచు ఎక్కడికక్కడ రంగు మారుతుంది, పక్కనే ఉన్న బొమ్మ భాగానికి ఎదురు వర్ణంగా. చట్రం నీడ గానీ దాని రంగు గానీ నేరుగా బొమ్మ మీద పడకుండా మధ్యలో కాపలా పెట్టాడన్నమాట. ఇప్పుడు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ బొమ్మ తెల్ల చట్రంలో ఉంది. వాన్ గో 1887లో క్విన్స్ పళ్లు, నిమ్మ, బేరి, ద్రాక్ష ఉన్న ఒక నిశ్చల చిత్రం గీసి తమ్ముడు థియోకు అంకితమిచ్చాడు. దాదాపు అంతా పసుపే. చుట్టూ ఉన్న చదును చెక్కకు కూడా ఆయనే పసుపు పూతలు వేశాడు. ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో దాని ముందు నిలబడితే బొమ్మ ఎక్కడ ఆగిందో చెక్క ఎక్కడ మొదలైందో కాసేపు తేలదు. ఇరవయ్యో శతాబ్దంలో మోండ్రియన్ సరిగ్గా దీనికి విరుద్ధమైన పని చేశాడు. మామూలు చట్రం బొమ్మను లోపలికి తోసి, కిటికీలోంచి చూస్తున్న భ్రమ కలిగిస్తుందని ఆయన ఫిర్యాదు. లోతు లేని గీతలు, చదరాలు గీసేవాడికి ఆ భ్రమ అక్కర్లేదు. కాబట్టి కాన్వాసును ముందుకు తెచ్చి, సన్నని పట్టీలను దాని వెనక్కి జరిపాడు. స్యూరా, వాన్ గో, మోండ్రియన్ మూడు దారులు పట్టారు. అయితే ఆ దారులు మూడూ వారివారి బొమ్మల్లోంచే పుట్టాయి. అందుకే వీళ్ల చట్రాలను ఒకరివి తీసి మరొకరికి తగిలించలేం.

ఆ చట్రాల్లో చాలావరకు ఇప్పుడు లేవు. వ్యాపారులకు, ముఖ్యంగా ఇంప్రెషనిస్టులకు అండగా నిలిచిన ద్యురాన్ రుఎల్ లాంటి వారికి కూడా, కొనేవారి డ్రాయింగు రూముల్లో పాతకాలపు నగిషీల బంగారు చట్రమే అమ్ముడుపోతుందని తెలుసు. తెల్లవీ రంగువీ ఊడదీసి పద్దెనిమిదో శతాబ్దపు రాజుల కాలం నాటి నమూనాలు బిగించారు. వాన్ గో స్వయంగా రంగు వేసిన చట్రాల్లో నిలిచింది ఆ పసుపు పళ్ల బొమ్మది ఒక్కటే. నేడు ఆ కాలపు బొమ్మలను పుస్తకాల్లో చూసి మనం మెచ్చుకునే కాంతి, గీసినవారు సరిచేసి పెట్టిన కాంతి కాకపోవచ్చు. చట్రాన్ని పరాయివాళ్లకు వదిలితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన సంప్రదాయంలో అంచు ఎప్పుడూ బొమ్మలో భాగమే. లేపాక్షి వీరభద్రాలయం మండపాల పైకప్పు మీద పదహారో శతాబ్దంలో వేసిన చిత్రాలు వరసలు వరసలుగా ఉంటాయి. వాటిని విడదీసేది చీరల అంచుల్లాంటి పట్టీలు. గోల్కొండ, హైదరాబాద్ సూక్ష్మచిత్రాలను ఆల్బముల్లో అతికించి చుట్టూ హాషియా, అంటే అలంకారపు అంచు, వేసేవారు. దానికి వేరే నిపుణులు ఉండేవారు, పూల తీగలు గానీ బంగారు చుక్కలు గానీ లోపలి బొమ్మ తూకాన్ని బట్టి వేసేవారు. శ్రీకాళహస్తి కలంకారీ తెరల్లో మధ్య దేవతామూర్తి చుట్టూ కథ గళ్లుగా నడుస్తుంది, గళ్ల మధ్య పట్టీల మీద తెలుగులో వివరం రాసి ఉంటుంది. ఆ పట్టీయే చట్రం, ఆ పట్టీయే వ్యాఖ్యానం. చేర్యాల నకాషీల పటం సంగతి ఇంకా ప్రత్యేకం. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక పట్టించి ఎర్రటి నేల మీద గీసిన ఆ పటం మూరల పొడవున ఉండి, కథకుడు చెబుతున్నకొద్దీ ఒక్కో గడి విప్పుకుంటూ పోయేది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారి చేతిలో అది చుట్టగా ఉండి తెరుచుకునేది. గోడకు మేకు కొట్టి వేలాడదీసే వస్తువు కాదది. ఇప్పుడు మనం ఎంపోరియాల్లో చూసే చేర్యాల బొమ్మ ఒక్క గడి, చుట్టూ నల్ల బీడింగు, ముందు అద్దం. చట్రం బొమ్మ రూపాన్నే మార్చేసింది. ఆ మార్పు వల్ల నకాషీ కుటుంబాలకు కూడు దొరికిందన్నది నిజమే, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ పొడవైన కథ ఒంటి గడిగా తెగిపోవడానికి బజారు కోరిన చట్రమూ ఒక కారణమని ఒప్పుకుంటే, చట్రం చిన్న విషయమని మాత్రం ఇక అనలేం.

అద్దం పటాలు మన ఇళ్లలోకి పెద్దఎత్తున వచ్చింది రవివర్మతో. 1894లో ఆయన బొంబాయి దగ్గర పెట్టిన రాతి అచ్చు ముద్రణాలయం లక్ష్మిని, సరస్వతిని ఇంటింటికీ తెచ్చింది. ఆ కాగితాలకు అద్దం వేసి పటం కట్టడానికి ఊరూరా దుకాణాలు వెలిశాయి. నేటికీ ఆ దుకాణాల బతుకు దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు, పోయినవారి ఫొటోల మీదే నడుస్తుంది. వాళ్ల పనితనాన్ని తక్కువ చేయనక్కర్లేదు. నలభై ఐదు డిగ్రీల కోణంలో నాలుగు మూలలు వెంట్రుక దూరనట్టు కలపడం ఎంత కష్టమో చేసి చూస్తేగానీ తెలియదు. అయితే ఆ పని పద్ధతులన్నీ ఫొటోకూ అచ్చుబొమ్మకూ సరిపడా తయారైనవి. పాడైతే మరొకటి తెచ్చుకోగల వస్తువుకు ఏం చేయాలో ఆ పద్ధతులు చెబుతాయి. నీటిరంగుల బొమ్మ ఒక్కటే ఉంటుంది.

ఆ పద్ధతుల్ని ఒకే ఒక్క బొమ్మకు వర్తింపజేస్తే జరిగే నష్టం వరసగా చూద్దాం. చవక మౌంట్ బోర్డు కలప గుజ్జుతో చేసింది. అందులోని లిగ్నిన్ కాలం గడిచేకొద్దీ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, ఆ ఆమ్లం తగిలిన కాగితంలోకి పాకుతుంది. కొన్నేళ్లకు బొమ్మ చుట్టూ, మౌంట్ కోసిన అంచు వెంట, గోధుమరంగు గీత పడుతుంది. అది చెరగదు. వెనక పెట్టే హార్డ్‌బోర్డు, ప్లైవుడ్ కూడా ఇదే పని చేస్తాయి, కాస్త నెమ్మదిగా. బొమ్మను అతికించడానికి వాడే సెల్లోటేపు జిగురు పసుపై, తర్వాత జిడ్డై, కాగితంలోకి ఇంకి ముందువైపు మరకగా తేలుతుంది. మైదా జిగురు, పాత న్యూస్‌పేపరు వెనక ఉంటే సిల్వర్ ఫిష్ పురుగులకూ చెదలకూ విందు. అద్దాన్ని నేరుగా బొమ్మ మీద అదిమి కడితే ఇంకో చిక్కు. రాత్రి చల్లబడ్డప్పుడు అద్దం లోపలివైపు చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ రంగును తడిపి అద్దానికి అంటిస్తుంది. ఊడదీయబోతే బొమ్మ సగం అద్దంతో వస్తుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల వానాకాలంలో గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలే. బూజు పెరగడానికి ఆ మాత్రం తేమ చాలు.

వీటన్నిటికీ విరుగుడు తెలిసినదే. నూలు గుజ్జుతో చేసిన ఆమ్లరహిత బోర్డు, బొమ్మకూ అద్దానికీ మధ్య గాలి ఆడే ఖాళీ, గోధుమపిండి నుంచి తీసిన శుద్ధమైన గంజితో అతికించిన జపాన్ కాగితపు కీలు. ఆ గంజి అతుకును ఎప్పుడైనా నీటితో తడిపి బొమ్మకు దెబ్బ తగలకుండా విప్పుకోవచ్చు. బొగ్గు, పాస్టెల్ బొమ్మలకు అద్దం బదులు యాక్రిలిక్ రేకు వేస్తే దాని స్థిరవిద్యుత్తు పొడిని లాగేసుకుంటుంది కాబట్టి అక్కడ గాజే వాడాలి. తాము వాడిన పదార్థం ఏ స్వభావం కలదో చిత్రకారులకు తెలుసు. కాగితం ఎంత తాగుతుందో, రంగు ఎంత మందంగా ఉందో, బొగ్గు మీద ఫిక్సేటివ్ కొట్టారో లేదో దుకాణంలో చూసి చెప్పలేరు. దామెర్ల రామారావు 1925లో ఇరవై ఎనిమిదో ఏట కన్నుమూశారు. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో ఆ బొమ్మలు ఆయన ఆయుష్షుకు మూడు రెట్లకు పైగా కాలాన్ని దాటి, గోదావరి గాలిలో నిలిచి ఉన్నాయి. అంత కాలం ఏ బొమ్మ ఎలా బతుకుతుందన్నది దాని వెనక పెట్టిన అట్ట మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

అచ్చు చిత్రాలు, అంటే ఎచింగులు, లిథోగ్రాఫులు వేసేవారికి మరో ప్రమాదం ఉంది. ఎచింగులో లోహపు పలకను కాగితం మీద అదిమినప్పుడు పడే పల్లపు గుర్తు ఆ చిత్రానికి ప్రాణం. దాని కిందే పెన్సిలుతో ఎన్నో ప్రతో తెలిపే సంఖ్య, పేరు, సంతకం ఉంటాయి. తెలియని చేతిలో పడితే మౌంట్‌ను బొమ్మ దాకా తెచ్చి వీటన్నిటినీ కప్పేస్తారు. ఇంకా ఉత్సాహం ఎక్కువైతే ఫ్రేముకు సరిపోవడం లేదని కాగితం అంచే కత్తిరించేస్తారు. లక్ష్మాగౌడ్ లాంటివారి ఎచింగుల వల్ల అచ్చు చిత్రకళకు పేరు తెచ్చుకున్న నేల మనది. ఇక్కడైనా ఈ కోత ఆగాలి.

ఇక అభ్యంతరాలు. గీసేవాళ్లు గీయాలి, వడ్రంగం వడ్రంగులు చేయాలి, ఎవరి పని వారిదన్నది మొదటిది. ఈ మాటలో న్యాయం ఉంది. మంచి చట్రం కట్టడం ఒక జీవితకాలపు నేర్పు. కానీ నిర్ణయం చిత్రకారులదంటే రంపం కూడా వాళ్ల చేతిలోనే ఉండి తీరాలని అర్థం కాదు. వియన్నాలో క్లిమ్ట్ 1901లో గీసిన 'జూడిత్'కు లోహపు చట్రాన్ని ఆయన తమ్ముడు జార్జ్ చేశాడు. అమెరికాలో జార్జియా ఓకీఫ్ ఒక చట్రాల పనివాడితో ఏళ్ల తరబడి కలిసి పనిచేసి, తన బొమ్మలకు సరిపడే సన్నని వెండిపూత చట్రాన్ని రూపొందించుకుంది. ఈ రెండు చోట్లా పనివారికి గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు. ఏదో ఒకటి కట్టెయ్యండి అనడంలో పనివారికి ఇచ్చిన స్వేచ్ఛ ఏమీ లేదు. అది నిర్లక్ష్యం.

రెండో అభ్యంతరం, కొన్నవారు ఎలాగూ ఇంటి సోఫాకు తగ్గట్టు చట్రం మార్చేస్తారు కదా అన్నది. మారుస్తారు. పైన చెప్పిన ఫ్రెంచివారి చరిత్ర అంతా అదే. కానీ ప్రదర్శన హాలు చిత్రకారులకు పూర్తి అధికారం ఉన్న ఒకే ఒక్క చోటు. విమర్శకులు చూసేది అక్కడే, ఫొటోలు తీసేది అక్కడే, కేటలాగులోకి వెళ్లేది ఆ రూపమే. తర్వాత మార్చేవారికి కూడా ఏం మారుస్తున్నారో తెలియాలంటే మొదట ఒక ఉద్దేశం అక్కడ కనిపించాలి. బొమ్మ వెనక ఒక చీటీ మీద చట్రం, మౌంట్, అద్దం వివరాలు రాసి, ఇవి చిత్రకారులు ఎంచినవి అని సంతకం చేస్తే, రేపు ఏ సంరక్షకులైనా దాన్ని పట్టించుకుంటారు. చీటీకి ఖర్చు లేదు.

అసలు ఇప్పుడు చట్రాలు ఎవరు వాడుతున్నారు, కాన్వాసును పక్కలకు మడిచి అలాగే తగిలిస్తే సరిపోదా అనేవారు మూడో రకం. సరిపోయే బొమ్మలు చాలా ఉన్నాయి. 1960లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో విలియం సైట్జ్ మోనె బొమ్మల ప్రదర్శన పెట్టి చట్రాలన్నీ తీసేయించాడు. కళా విమర్శకుడు బ్రయన్ ఓడోహర్టీ తెల్లగోడల గ్యాలరీ మీద 1976లో రాసిన ప్రసిద్ధ వ్యాసాల్లో ఆ ఉదంతాన్ని ప్రస్తావించాడు. చట్రం లేని ఆ కాన్వాసులు మొదట అచ్చుబొమ్మల్లా తోచి, తర్వాత గోడనే తమ వశం చేసుకున్నాయన్నది ఆయన పరిశీలన. చట్రం తీసేస్తే గోడే చట్రమవుతుందని, ఆ గోడ రంగు, ఖాళీ, వెలుతురు బొమ్మకు అర్థం చెప్పడం మొదలుపెడతాయని దాని సారం. కాబట్టి చట్రం వద్దనుకోవడం కూడా చట్రం గురించి తీసుకున్న నిర్ణయమే. న్యూయార్క్‌లో ఆ నిర్ణయం తీసుకున్నది అప్పటికి ముప్పై నాలుగేళ్ల కిందట చనిపోయిన మోనె కాదన్నది మరచిపోకూడదు. మన హాళ్లలో గోడలు తెల్లగా, ఖాళీగా, సరైన వెలుతురులో ఉంటాయన్న భరోసా అసలు ఉందా? స్విచ్ బోర్డు పక్కన, ఏసీ పైపు కింద, జ్ఞాపికల బల్ల వెనక వేలాడే బొమ్మకు నాలుగు వైపులా ఏదో ఒక అడ్డు ఉండటం మేలు.

చిత్రకారుల పెత్తనం మితిమీరే అవకాశం లేదా అంటే ఉంది. దానికి చిత్రకారుడు విస్లరే ఉదాహరణ. 1860ల నుంచి తన చట్రాలకు తానే నగిషీలు వేసి, సీతాకోకచిలుక సంతకాన్ని చట్రం మీద కూడా పెట్టిన ఆ మనిషి, 1876లో లండన్‌లో లేలండ్ అనే ధనికుడి భోజనశాలలో తన బొమ్మకు చుట్టూ ఉన్న గది సరిపోలేదని మొదలుపెట్టి గోడలు, తలుపులు, పైకప్పు అన్నీ నెమళ్లతో నింపేశాడు. ఇంటాయన అడిగినంత ఇవ్వక సగం ఇచ్చాడు. ఆ గది ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ అడగని పనికి ఎవరి డబ్బు అన్న ప్రశ్నలో లేలండ్ వైపు కూడా న్యాయం ఉంది. చిత్రకారుల హక్కు చట్రం అంచు దగ్గర ఆగడం అందరికీ క్షేమం.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం డబ్బు. ఆమ్లరహిత బోర్డు మామూలు దానికంటే బాగా ఖరీదు. అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు మరీ ఖరీదు. బరువు చూడండి. మూడడుగులు బై నాలుగడుగుల బొమ్మకు రెండు మిల్లీమీటర్ల గాజు వేస్తే గాజొక్కటే ఐదున్నర కిలోలు తూగుతుంది. అలాంటివి పదిహేను ఉంటే గాజు బరువే 80 కిలోలు దాటుతుంది. సిద్దిపేట నుంచో అనంతపురం నుంచో ఆ బరువును పగలకుండా హైదరాబాద్ మాదాపూర్ ఆర్ట్ గ్యాలరీ దాకా తెచ్చి, అమ్ముడుపోనివి మళ్లీ తీసుకుపోవాలి. అమ్ముడైతే గ్యాలరీ తన వాటా కోసుకుంటుంది. కాలేజీ నుంచి అప్పుడే బయటికి వచ్చిన పిల్లలకు ఇదంతా చెప్పడం తేలిక, వాళ్లు భరించడం కష్టం. అందుకే ఇది చిత్రకారులకు చేసే ఉపదేశంగా మిగిలిపోకూడదు. కొంత ఖర్చు తెలివిగా తగ్గించుకోవచ్చు. నీటిరంగుల కాగితం పూర్తి షీటు 22 బై 30 అంగుళాలు, సగం షీటు 15 బై 22. ఈ రెండు కొలతలకే కట్టుబడితే, వెనక నుంచి విప్పి బొమ్మ మార్చుకునే మంచి చట్రాలు కొన్ని చేయించుకుని ప్రతి ప్రదర్శనకూ వాటినే వాడవచ్చు. ఎండిన కలప వాడితే మూలలు ఎండాకాలంలో విచ్చుకోవు. చట్రానికి పెట్టే నగిషీ ఖర్చు తగ్గించి బోర్డుకు పెట్టడం ఎప్పుడూ లాభమే. బయటికి కనిపించే బంగారు బీడింగు మీద డబ్బు పోసి, లోపల కనిపించని అట్ట దగ్గర పిసినారితనం చూపడం మన అలవాటు. అది తిరగబడాలి.

మిగతాది సంస్థలు చేయాలి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, లలిత కళల విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ), ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటి చోట్ల లలిత కళలు చదివే విద్యార్థులకు మౌంట్ కోయడం, కీలు అతకడం, వెనక తీగ కట్టడం ఒక సెమిస్టరు పాఠంగా పెట్టాలి. గీయడం నేర్పి, గీసినదాన్ని కాపాడుకోవడం నేర్పకపోవడం సగం చదువు. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు, అకాడమీలు ప్రదర్శనలకు బొమ్మలు పిలిచేటప్పుడు కనీసం మూడు నెలల వ్యవధి ఇవ్వాలి, ఎంపికైన బొమ్మకు చట్రం భత్యాన్ని ప్రత్యేకంగా ప్రకటించాలి. జ్యోతి ప్రజ్వలనకు, శాలువాలకు, జ్ఞాపికలకు అయ్యే ఖర్చులో కొంత మళ్లిస్తే ఇది అసాధ్యమేమీ కాదు. అమ్మకంలో వాటా తీసుకునే గ్యాలరీలు చట్రం ఖర్చులోనూ వాటా తీసుకోవాలి. కేటలాగులో సైజు, మాధ్యమంతోపాటు చట్రం ఎవరి ఎంపికో ఒక మాట రాయాలి. ఇక ప్రదర్శనలకు వెళ్లి బొమ్మలు కొనే పాఠకులకు ఒక విన్నపం: డబ్బు కట్టేముందు బొమ్మను తిప్పి వెనకవైపు చూపించమని అడగండి.